ఆమ్నీ రేడియేటర్ పైపుకి టేపు చుట్టుకుని తిరుపతి బయల్దేరకండి

మీది 2008 మారుతి ఆమ్నీ వ్యాను. బెంగళూరు సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది, వారం వారం నీళ్లు కలపాల్సి వస్తోంది, పై పైపు చివర తడి కనబడితే షెడ్డులో టేపు చుట్టి పంపించారు. ఇలాగే తిరుపతి వెళ్లి రావచ్చా, మారిస్తే ఒక్క పైపు చాలా, నేనే మార్చుకోగలనా అని అడిగారు. వెళ్లకండి. పైదీ కిందదీ రెండూ మార్చేయండి. ఆ పని మీరే చేసుకోవచ్చు, ఒక పూట పడుతుంది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉందండీ. మాదీ పాత ఆమ్నీయే. మూడేళ్ల కిందట మే నెలలో తిరుపతి నుంచి బెంగళూరు తిరిగొస్తూ మొగిలి ఘాట్ ఎక్కుతుంటే పైపు పగిలింది. బండిలో ఆరుగురం. ఆమ్నీలో ఇంజన్ ముందు సీట్ల కిందే కదా, ముందు కూర్చున్న మా అమ్మ "కింద నుంచి సెగ కొడుతోందిరా" అంది. అనడమే ఆలస్యం, సీటు సందుల్లోంచి ఆవిరి పొంగింది. అందర్నీ దింపేసి, రేడియేటర్ మూత జోలికి పోకుండా చల్లారేదాకా రోడ్డు పక్కనే కూర్చున్నాం. అమ్మ కాలికి ఏమీ కాలేదు, అది మా అదృష్టం.

బయల్దేరే ముందు రోజే ఆ పైపు చూశాను. నల్లగా నిగనిగలాడుతోంది, పైన ఒక్క పగులు లేదు. ఇంటికొచ్చాక దాన్ని బ్లేడుతో నిలువునా కోసి చూస్తే అసలు సంగతి బయటపడింది. మధ్యలో రబ్బరు బాగానే ఉంది. పైపుని బిగించే క్లిప్పు పడే చోటికి రెండంగుళాల లోపు మాత్రం, లోపలి గోడ మీద వెంట్రుకల్లాంటి చీలికలు పైపు పొడవునా బారులు తీరి ఉన్నాయి. రబ్బరూ, కూలెంటూ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం), లోహమూ ఒకచోట చేరితే చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి. ఆ కాస్త కరెంటే లోపలి నుంచి రబ్బరును చీలుస్తుంది. ఆ చీలికల్లోంచి కూలెంట్ లోపలి దారపు అల్లికలోకి దిగి దాన్ని పాడుచేస్తుంది. వేడి ఎక్కువ కాబట్టి ఇది పై పైపుకి ముందొస్తుంది. మీకు తడి కనబడింది కూడా అక్కడే. పైన చుట్టిన టేపు లోపలి చీలికను ఏం ఆపుతుంది చెప్పండి.

అందుకే చూపుని నమ్మొద్దు, చేత్తో చూడాలి. పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బొటనవేలూ చూపుడువేలూ పెట్టి పైపు చివర్లో నొక్కండి, తర్వాత మధ్యలో నొక్కండి. చివర మెత్తగా తగిలితే దాని పని అయిపోయినట్టే. గట్టిపడి కరకరలాడినా అంతే. నూనె తగిలి ఉబ్బినా మార్చాల్సిందే. కింది పైపు నుంచి వాటర్ పంపు నీళ్లు లాగుతుంది. అది మెత్తబడితే స్పీడులో లోపలికి నొక్కుకుపోయి దారి మూసుకుంటుంది.

విడిభాగాల కోసం బెంగళూరు జేసీ రోడ్డుకి వెళ్తే పాత పైపు వెంట తీసుకెళ్లండి. వంపు అచ్చంగా కలవాలి. తిన్నగా ఉన్న పైపును వంచి పెడితే మడత పడుతుంది. క్లిప్పులూ కొత్తవే తీసుకోండి.

ఇంజన్ చల్లారాకే మూత తీయండి. పాత కూలెంట్‌ని బేసిన్‌లో పట్టి పిల్లలకీ వీధి కుక్కలకీ అందకుండా పెట్టండి, తియ్యగా ఉంటుంది కానీ విషం. పైపు రాకపోతే స్క్రూడ్రైవర్‌తో పెకలించొద్దు, రేడియేటర్ మెడ (పైపు ఎక్కే గొట్టం) విరిగితే ఖర్చు ఎక్కడికో పోతుంది. బ్లేడుతో నిలువుగా కోసి ఒలిచేయండి. మెడ మీద పేరుకున్న పొక్కుల్ని ఎమిరీ పేపర్‌తో నునుపు చేయండి. కొత్త పైపు ఎక్కడానికి గ్రీజు రాయొద్దు, నూనె రబ్బరుకి శత్రువు. కాస్త కూలెంట్ తడి చాలు. క్లిప్పు మెడ మీది గట్టు దాటి లోపలి వైపు కూర్చోవాలి.

బోరు నీళ్లు మాత్రం పోయకండి. మన బెంగళూరు బోరు నీళ్లు రేడియేటర్‌లో సున్నం కట్టిస్తాయి. నీళ్లు కలపని చిక్కటి కూలెంట్ అయితే అందులో బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ సగానికి సగం కలపండి. మూత రబ్బరు కూడా చూడండి. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊళ్లో నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. 0.9 అని రాసున్న మూత లోపలి ఒత్తిడిని సరిగ్గా పట్టి ఉంచితే దాదాపు 115 డిగ్రీల దాకా మరగవు. మూత లీకైతే కొత్త పైపు వేసినా ట్రాఫిక్‌లో పొంగుతుంది.

ఒక మాట. హైవే మీద బాగుండి ట్రాఫిక్‌లోనే ముల్లు లేస్తుంటే ఫ్యాన్ తిరుగుతోందో లేదో కూడా చూసుకోండి. థర్మోస్టాట్ పీకేస్తే సరిపోతుందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఇంజన్ ఎంత వేడిలో పనిచేయాలో చూసేది అదే.

కొత్త పైపులు వేశాక మూత తీసి ఉంచి, బండి కదపకుండా ఇంజన్ స్లోలో తిప్పుతూ, బుడగలు ఆగేదాకా కూలెంట్ కొద్దికొద్దిగా నింపండి. మర్నాడు చల్లగా ఉన్నప్పుడు క్లిప్పులు ఇంకోసారి బిగించండి, కొత్త రబ్బరు వేడికి సర్దుకుని కాస్త వదులవుతుంది. తిరుపతికి ముందు ఒక ఆదివారం బెంగళూరు దగ్గరి నంది కొండ (నంది హిల్స్) ఎక్కించి, ముల్లు ఎక్కడ నిలిచిందో చూసి, దిగి బండి చల్లారాక పైపు చివర్లు వేలితో తడిమి చూడండి. పొడిగా ఉంటే ఇంట్లో వాళ్లందరినీ ఎక్కించుకుని బయల్దేరండి.