బుల్‌డాగ్స్ తమ మొదటి పిక్‌ను పొడవాటి డిఫెండర్ మీద ఖర్చు పెట్టాలా?

ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్ (ఏఎఫ్‌ఎల్)లోని వెస్టర్న్ బుల్‌డాగ్స్ జట్టులో ఎత్తైన డిఫెండర్ల కొరత స్పష్టంగా కనబడుతోంది కాబట్టి, క్లబ్బులు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో తమ మొదటి పిక్‌తో, అంటే మొదటి వంతుతో, అటువంటి కుర్రవాణ్ణే తీసుకోవాలా, లేక అప్పటికి మిగిలినవారిలో అందరికన్నా బాగా ఆడే మిడ్‌ఫీల్డర్‌ను తీసుకోవాలా అని మీరు అడిగారు. మిడ్‌ఫీల్డర్‌నే తీసుకోవాలి. మెల్‌బోర్న్ పడమటి శివార్లలో, టార్నీట్‌లో ఉంటూ, వారాంతాల్లో పిల్లల ఫుటీ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్) క్లబ్బులో స్కోరు బోర్డు దగ్గర, గోల్ పోస్టుల దగ్గర పని చేస్తున్నవాడిగా ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది.

డ్రాఫ్ట్‌కు వచ్చే పిల్లల్లో ఎక్కువమంది ఆ ఏడాది పద్దెనిమిది నిండేవాళ్ళు. ఆ వయసులో నూట తొంభై ఎనిమిది సెంటీమీటర్ల కుర్రవాడికి ఎత్తు వచ్చేసి ఉంటుంది గాని బలం వచ్చి ఉండదు. ఎదుటి జట్టులో ముప్పై ఏళ్ళ ఫార్వర్డ్ వెనక నుంచి ఒక్క తోపు తోస్తే నిలదొక్కుకోవడానికి కావలసిన నడుము, తొడలు అతడికి ఇంకా ఏర్పడి ఉండవు. అటువంటివాడు మొదటి జట్టులో కుదురుకోవడానికి నాలుగైదేళ్ళు పడుతుంది, ఈలోగా అతడి అవసరం ఉందని తీసుకున్న కోచ్ ఉద్యోగమే మారిపోవచ్చు. ఈ సంవత్సరం జట్టులో ఉన్న లోటును డ్రాఫ్ట్‌తో పూడ్చాలనుకోవడం, ఈ వేసవికి నీడ కావాలని ఇప్పుడు వేపమొక్క నాటడం వంటిది.

మీరు బుల్‌డాగ్స్ అభిమాని అయితే 2016 గ్రాండ్ ఫైనల్ గుర్తుండే ఉంటుంది. 1954 తరవాత మనకు దక్కిన మొదటి ప్రీమియర్‌షిప్, అంటే లీగ్ విజేత పట్టం, అది. నాలుగో క్వార్టర్‌లో సిడ్నీ తరఫున లాన్స్ ఫ్రాంక్లిన్ బంతి అందుకుని తిరగబోతుండగా డేల్ మోరిస్ అతణ్ణి పట్టి పడగొట్టాడు. చేజారిన బంతి టామ్ బాయిడ్‌కు దొరికింది, అతడు చాలా దూరం నుంచి తన్నిన ఆ బంతి నేల మీద ఎగురుకుంటూ వెళ్ళి గోల్‌లో పడింది. ఆ తరవాత సిడ్నీ తేరుకోలేదు. ఆ ఇద్దరూ క్లబ్బుకు ఎలా వచ్చారో చూడండి. మోరిస్ మా పక్కనే ఉన్న వెర్రిబీ జట్టులో ఆడుతుండగా రూకీ జాబితాలోకి తీసుకున్న మనిషి. అంటే డ్రాఫ్ట్‌లో అందరూ వదిలేస్తే మిగిలినవాడు, ఆ ఫైనల్స్‌ను వెన్నెముకలో పగుళ్ళతోనే ఆడినవాడు. బాయిడ్ 2013 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి పిక్, కాని అతణ్ణి తీసుకున్నది జీడబ్ల్యూఎస్ అనే సిడ్నీ క్లబ్బు. ఏడాది తిరగకుండానే ర్యాన్ గ్రిఫెన్‌ను, ఒక డ్రాఫ్ట్ పిక్‌ను ఇచ్చి మనం అతణ్ణి ట్రేడ్‌లో, అంటే క్లబ్బుల మధ్య ఆటగాళ్ళ మార్పిడిలో, తెచ్చుకున్నాం. అదే రోజు మన డిఫెన్స్‌లో ఆడిన జోయెల్ హామ్లింగ్‌ను జీలాంగ్ వదులుకుంటే మన క్లబ్బు చేర్చుకుంది. మన వెనక వరుసను నిలబెట్టినవాళ్ళలో మోరిస్, హామ్లింగ్ ఇద్దరికీ క్లబ్బు తన మొదటి పిక్ ఖర్చు పెట్టలేదు.

అదే 2013లో బుల్‌డాగ్స్ డ్రాఫ్ట్ మొత్తంలో నాలుగో పిక్‌తో ఎవరిని తీసుకున్నదో అందరికీ తెలుసు. మార్కస్ బాంటెంపెల్లి మిడ్‌ఫీల్డర్. అతడు 2016లో ఆ జట్టులో ఉన్నాడు, 2020 నుంచి కెప్టెన్‌గా ఉన్నాడు. మరుసటి ఏడాది, 2014లో, సెయింట్ కిల్డా మొదటి పిక్‌తో ప్యాడీ మెకార్టిన్ అనే పొడవాటి ఫార్వర్డ్‌ను తీసుకుంటే, రెండో పిక్‌తో మెల్‌బోర్న్‌కు క్రిస్టియన్ పెట్రాకా దొరికాడు. 2021 గ్రాండ్ ఫైనల్‌లో మెల్‌బోర్న్ మనల్ని డెబ్భై నాలుగు పాయింట్ల తేడాతో ఓడించినప్పుడు ఆ మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే నార్మ్ స్మిత్ పతకం అందుకున్నది ఆ పెట్రాకాయే. మెకార్టిన్‌ను తలకు తగిలిన దెబ్బలు వెంటాడాయి, అందులో అతడి దోషం ఏమీ లేదు. అయితే అతడి తమ్ముడు టామ్‌ను 2017లో ముప్పై మూడో పిక్‌తో సిడ్నీ తీసుకుని, తరవాత డిఫెన్స్‌లో స్థిరపరచుకున్నది. ఒకే ఇంట్లో పుట్టిన ఇద్దరు పొడవాటి పిల్లల్లో క్లబ్బుకు ఎక్కువ కాలం అక్కరకు వచ్చినవాడు ముప్పై మూడో పిక్ అన్న సంగతి నా దృష్టిలో చిన్నది కాదు.

అవసరాన్ని చూసి ఎంచుకోవాలనే వాదానికి మన క్లబ్బులోనే ఇంకో జవాబు ఉంది. 2017లో తొమ్మిదో పిక్‌తో ఆరన్ నాటన్‌ను డిఫెండర్‌గానే తీసుకున్నాం, మొదటి ఏడాది డిఫెన్స్‌లోనే ఆడించాం, రెండో ఏడాదికల్లా అతడు ఫార్వర్డ్ అయ్యాడు. ఏ స్థానం కోసం తీసుకున్నామో ఆ స్థానంలో ఏడాదికి మించి నిలవనప్పుడు, అవసరం అనే మాటకు డ్రాఫ్ట్ బల్ల దగ్గర ఎంత విలువ ఇవ్వాలి? నాటన్ గొప్ప ఆటగాడు కాబట్టి ఆ ఎంపిక ఫలించింది గాని, డిఫెండర్ల కొరత తీరినందువల్ల కాదు.

ఇక నేను స్వయంగా చూసిన ఒక మ్యాచ్ సంగతి చెబుతాను. మా క్లబ్బులో చిన్నప్పటి నుంచి ఆడిన ఒక అబ్బాయి మా ప్రాంతపు వెస్టర్న్ జెట్స్ అండర్ ఎయిటీన్ జట్టుకు ఎంపికైతే, శీతాకాలంలో ఒక శనివారం విలియమ్స్‌టౌన్‌కు చూడడానికి వెళ్ళాను. ఆ మైదానం సముద్రానికి ఆనుకుని ఉంటుంది, గాలి లేచిన రోజున అక్కడ ఎత్తుగా తన్నిన బంతి ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలియదు. మొదటి క్వార్టర్‌లో జెట్స్‌కు గాలి వాలు కలిసివచ్చింది. ఎదర ఆడుతున్న ఒక పొడవాటి కుర్రవాడు వరసగా మార్కులు పట్టాడు, అంటే తన్నిన బంతిని గాలిలోనే అందుకున్నాడు, కంచె చుట్టూ ఉన్నవాళ్ళు ఫోన్లు పైకెత్తి తీసుకున్నారు. మూడో క్వార్టర్‌లో వాన పట్టుకుంది, గాలి దిశ మారి ఎదురైంది, ఆ కుర్రవాడి వైపు బంతి వెళ్ళడమే మానేసింది. అప్పుడు మధ్యలో ఆడుతున్న ఒక మామూలు ఎత్తు కుర్రవాడు ఆటను తన చేతుల్లోకి తీసుకున్నాడు. అతడు ఒక్క బంతినీ గాలిలోకి లేపలేదు. నడుము వంచి, బురదలోంచి బంతిని ఎత్తీ ఎత్తకుండానే పక్కవాడికి హ్యాండ్‌బాల్ చేసేవాడు, అంటే పిడికిలితో కొట్టి అందించేవాడు, తన్నవలసి వస్తే మోకాలి ఎత్తు దాటకుండా తన్నేవాడు. ఒకసారి అతడి హ్యాండ్‌బాల్ ఎదుటివాడికి చిక్కింది. తల పట్టుకుని నిలబడకుండా, దాదాపు నలభై మీటర్లు వెనక్కు పరిగెత్తి అదే మనిషిని టాకిల్ చేసి బంతి తిరిగి సంపాదించాడు.

నా పక్కన కంచె దగ్గర కొత్త ఆటగాళ్ళను వెతికే ఒక క్లబ్బు రిక్రూటర్ నిలబడి ఉన్నాడు. ప్లాస్టిక్ కాగితం చుట్టిన నోటు పుస్తకం, తాడుతో కట్టిన పెన్సిలు ఆయన దగ్గర ఉన్నాయి. బంతి ఎటు వెళితే అందరి తలలూ అటు తిరుగుతుంటే, ఆయన తల మాత్రం తిరగలేదు. బంతి అవతలి చివర ఉన్నప్పుడు ఆ మిడ్‌ఫీల్డర్ ఎక్కడికి నడుస్తున్నాడు, ఎవరిని కేక వేసి పిలుస్తున్నాడు, గోల్ పోగొట్టుకున్న డిఫెండర్ దగ్గరికి వెళ్ళి ఏం చేస్తున్నాడు అన్నదే ఆయన చూస్తున్నాడు. ఆ నలభై మీటర్ల పరుగు తరవాతే ఆయన మొదటిసారి పెన్సిలు తీశాడు. వారిద్దరూ అప్పటికి పద్దెనిమిది నిండని పిల్లలు కాబట్టి పేర్లు రాయను. కాని ఆ సాయంత్రం ఇంటర్నెట్‌లో తిరిగిన రెండు నిమిషాల వీడియోలో ఆ మిడ్‌ఫీల్డర్ ఎక్కడా లేడు, మొదటి క్వార్టర్ మార్కులే ఉన్నాయి.

ఈ ముక్కల వీడియోల మీద నాకు చాలా కాలంగా కోపం ఉంది. సెప్టెంబరు వచ్చేసరికి ప్రతివారూ వాటిని చూసే తమ ఊహా డ్రాఫ్ట్ జాబితాలు తయారు చేస్తారు. ఒకరి జాబితాను చూసి ఇంకొకరు రాస్తారు, నవంబరు నాటికి అదే లోకాభిప్రాయమై కూర్చుంటుంది, పదిహేనో స్థానంలో వేసిన పిల్లవాణ్ణి క్లబ్బు ఎనిమిదో పిక్‌తో తీసుకుంటే అన్యాయం జరిగిపోయినట్టు అల్లరి చేస్తారు. డ్రాఫ్ట్‌కు ముందు జరిగే శారీరక పరీక్షలైన కంబైన్‌లో కొలిచే ఇరవై మీటర్ల పరుగు, ఎగిరే ఎత్తు, రెండు కిలోమీటర్ల పరుగు కూడా ఇటువంటివే. కొలత టేపు చూసి మనిషిని తూచినందువల్లే కేలబ్ డేనియల్ 2014లో నలభై ఆరో పిక్ దాకా మిగిలాడు. నూట అరవై ఎనిమిది సెంటీమీటర్ల ఆ మనిషి రెండేళ్ళకే మన ప్రీమియర్‌షిప్ జట్టులో ఆడాడు, 2020లో ఆ ఏడాది లీగ్‌లో ఉత్తమ ఆటగాళ్ళతో కూర్చే ఆల్ ఆస్ట్రేలియన్ జట్టుకు ఎంపికయ్యాడు. 2011లో ఫ్రీమాంటిల్ యాభై ఎనిమిదో పిక్‌తో తీసుకున్న లాకీ నీల్ తరవాత బ్రిస్బేన్ తరఫున 2020లో, 2023లో లీగ్ ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో పతకం గెలిచాడు. బురదలో బంతిని ఎత్తగలిగే చేతులను కొలిచే యంత్రం ఇంకా రాలేదు.

మన తెలుగు కుటుంబాలతో కూడా ఒక మాట చెప్పవలసి ఉంది. టార్నీట్, ట్రుగనీనా వీధుల్లో చిన్నపిల్లలు ఆస్‌కిక్ అనే పిల్లల ఫుటీ శిక్షణకు బాగానే వస్తున్నారు, కాని పన్నెండు, పదమూడేళ్ళు రాగానే సుజాన్ కోరీ వంటి, ప్రవేశ పరీక్షతో చేర్చుకునే సెలెక్టివ్ ప్రభుత్వ స్కూలు పరీక్ష పేరుతో వారిని మైదానం నుంచి ట్యూషన్‌కు మళ్ళిస్తున్నారు. క్లబ్బులు నడుపుతున్న నెక్స్ట్ జనరేషన్ అకాడమీలు ఆదివాసీ కుటుంబాల పిల్లలతో పాటు ఆసియా, ఆఫ్రికా మూలాలున్న కుటుంబాల పిల్లలకు కూడా ఉద్దేశించినవే. కైరోలో పుట్టిన దక్షిణ సూడాన్ కుటుంబపు బిడ్డ మ్యాక్ ఆండ్రూ మెల్‌బోర్న్ అకాడమీ నుంచి వచ్చినవాడే, 2021లో గోల్డ్ కోస్ట్ అతణ్ణి ఐదో పిక్‌తో తీసుకుంది. పదమూడో ఏట ఆట మానిపించిన పిల్లవాడు పదిహేడో ఏట ఏ రిక్రూటరు కంటా పడడు.

మ్యాక్ ఆండ్రూ కూడా ఎత్తైన డిఫెండరే కదా అని మీరు అడగవచ్చు. 2015లో కార్ల్‌టన్ మొదటి పిక్‌తో తీసుకున్న జేకబ్ వైటరింగ్ పేరు, డిఫెండర్ కాకపోయినా 2000లో సెయింట్ కిల్డా మొదటి పిక్‌తో తీసుకున్న పొడవాటి ఫార్వర్డ్ నిక్ రీవోల్ట్ పేరు కూడా చెప్పవచ్చు. వీరు ముగ్గురూ మంచి ఎంపికలేనని ఒప్పుకుంటాను. అయినా వైటరింగ్ అంతటి డిఫెండర్ ఉండి కూడా కార్ల్‌టన్ 1995 తరవాత ఇంతవరకూ ప్రీమియర్‌షిప్ గెలవలేదు. మరోవైపు బ్రిస్బేన్ డిఫెన్స్‌కు నాయకుడైన హారిస్ ఆండ్రూస్ 2014లో అరవై ఒకటో పిక్, ఆ క్లబ్బు 2024లోనూ 2025లోనూ వరసగా ప్రీమియర్‌షిప్ గెలిచింది.

కాబట్టి బుల్‌డాగ్స్ ఈసారి మొదటి పిక్‌తో, వాన రోజున మూడో క్వార్టర్‌లో కూడా బంతి సంపాదించగల మిడ్‌ఫీల్డర్‌ను, అతడి ఎత్తు ఎంతైనా సరే, తీసుకోవాలి. ముప్పై దాటిన పిక్‌లలో రెండిటిని ఎత్తైన కుర్రవాళ్ళకు కేటాయించి, వారిని మూడేళ్ళపాటు బుల్‌డాగ్స్ రెండో జట్టు అయిన ఫుట్‌స్‌క్రే వీఎఫ్‌ఎల్ (విక్టోరియా రాష్ట్ర లీగ్) జట్టులో తొందర పెట్టకుండా పెంచాలి. వచ్చే మార్చికే డిఫెన్స్‌లో నిలబడగల మనిషి కావాలంటే, వేరే క్లబ్బులో రెండో జట్టుకు పరిమితమైన ఇరవై నాలుగేళ్ళవాణ్ణి అక్టోబరు ట్రేడ్‌లో అడగాలి, రూకీ జాబితాలో ఒక చోటును వెర్రిబీ, విలియమ్స్‌టౌన్ జట్లలో ఆడుతున్న పెద్దవాళ్ళ కోసం ఖాళీగా ఉంచాలి.