రీస్టార్ట్ చేస్తే పలికి, ఐదు నిమిషాల్లో మూగబోయే పేజింగ్ మైకులు: మార్చాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదండి. భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు. గేటు, ఆఫీసు, ప్యాకింగ్ హాలు మూడుచోట్లా నెట్‌వర్క్ పేజింగ్ మైకులు, అంటే నెట్‌వర్క్ కేబుల్ మీదుగా స్పీకర్లకి అనౌన్స్‌మెంట్ పంపేవి. నెట్‌వర్క్ స్విచ్ (ఆ కేబుళ్ళన్నీ కలిసే పెట్టె) ఆపి మళ్ళీ వేస్తే అన్ని జోన్లూ (విడివిడి స్పీకర్ల గుంపులు) పలుకుతాయి, ఐదు నిమిషాల్లోపే మూగబోతాయి. కరెంటు పోయి వచ్చాక గేటు మైకు లేవదు. ప్యాకింగ్ హాల్లో మాట్లాడితే కూత. మైకులన్నీ మార్చేయమని సప్లయర్ అంటున్నాడు.

మార్చకండి. మీరు చెప్పిన లక్షణాల్లో మైకు మీద అనుమానం పడాల్సినది ఒక్కటీ లేదు.

ముందు ఆ ఐదు నిమిషాల సంగతి. మైకు తన శబ్దాన్ని 239తో మొదలయ్యే ఒక మల్టీకాస్ట్ అడ్రసుకి, అంటే ఒకేసారి చాలా పరికరాలు వినగలిగే గ్రూపు అడ్రసుకి, పంపుతుంది. ప్రతి నెట్‌వర్క్ యాంప్లిఫయరూ ఆన్ అవగానే 'ఆ గ్రూపు నాకు కావాలి' అని స్విచ్‌కి చెబుతుంది. ఐజీఎంపీ స్నూపింగ్ ఆన్‌లో ఉన్న స్విచ్ ఆ మాట రాసుకుని, అడిగిన పోర్టులకే శబ్దం వదులుతుంది. కాకపోతే 'ఇంకా కావాలా' అని ఎవరో ఒకరు మధ్యమధ్యలో అడుగుతూ ఉండాలి. ఆ పని చేసేది క్వెరియర్. మామూలు సెట్టింగులో అది 125 సెకన్లకోసారి అడుగుతుంది. అడిగేవాళ్ళే లేకపోతే 260 సెకన్లకి, అంటే 4 నిమిషాల 20 సెకన్లకి, స్విచ్ ఆ పేర్లన్నీ కొట్టేస్తుంది. మీ లెక్క అక్కడికి సరిపోయింది.

మెయిన్ స్విచ్‌లో, పేజింగ్ ఉన్న వీలాన్ (స్విచ్‌లోనే విడదీసిన నెట్‌వర్క్ భాగం) మీద ఐజీఎంపీ క్వెరియర్ ఆన్ చేయండి. ఆ వీలాన్‌లో స్విచ్‌కి కూడా ఒక ఐపీ అడ్రసు ఇవ్వండి. చాలా స్విచ్‌లలో అది లేకపోతే క్వెరియర్ ఆన్ అని కనిపిస్తుంది కానీ అడగదు. తర్వాత అన్నీ రీస్టార్ట్ చేసి, పది నిమిషాలు ఆగి అప్పుడు మాట్లాడి చూడండి. బిగించినవాళ్ళు బిగించిన వెంటనే టెస్ట్ చేసి వెళ్ళిపోతారు కాబట్టే ఈ లోపం బయటపడదు. పేజింగ్‌కి విడిగా చిన్న స్విచ్ ఉంటే స్నూపింగ్ ఆపేసినా నడుస్తుంది. అప్పుడు శబ్దం అన్ని పోర్టులకీ వెళ్తుంది, కానీ జీ.711 (ఫోన్ నాణ్యత) శబ్దం ఒక స్ట్రీముకి సెకనుకి సుమారు 87 కిలోబిట్లే. సీసీ కెమెరాలు, వైఫై అదే నెట్‌వర్క్ మీద ఉంటే మాత్రం ఆ పని చేయొద్దు.

గేటు మైకుకి రెండు కారణాలు ఉండొచ్చు. మొదటిది అడ్రసు. కరెంటు రాగానే మైకు ముందు లేస్తుంది, డీహెచ్‌సీపీ ద్వారా అడ్రసులు పంచే రౌటర్ ఆలస్యంగా లేస్తుంది. ఈలోగా మైకు 169.254తో మొదలయ్యే అడ్రసు తనే పెట్టుకుని కూర్చుంటుంది. మైకులకీ యాంప్లిఫయర్లకీ స్థిరమైన ఐపీలు ఇచ్చి, ఆ నంబరు మైకు అడుగున స్టిక్కరు మీద రాసి అంటించండి.

రెండోది కేబుల్. రాగి కేబుల్ ప్యాచ్ కార్డులతో కలిపి 100 మీటర్లు దాటకూడదు. తీగను కత్తితో గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. దాని రెసిస్టెన్స్ ఎక్కువ కాబట్టి పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే మైకుకి వచ్చే కరెంటు) వోల్టేజి దారిలోనే పడిపోతుంది, మన ఉప్పుగాలికి జాయింట్లు కూడా త్వరగా పాడవుతాయి. అసలు ఒక బిల్డింగు నుంచి ఇంకో బిల్డింగుకి రాగి లాగనే వద్దు. డెల్టాలో భూమిలో వేసిన పైపు వానాకాలమంతా నీళ్ళలోనే ఉంటుంది, పిడుగు దగ్గర్లో పడితే రెండువైపులా పోర్టులు పోతాయి. ఫైబర్ వేసి, గేటు దగ్గర దుమ్ము, నీళ్ళు చొరని ఐపీ65 పెట్టెలో చిన్న పీఓఈ స్విచ్, దానికి యూపీఎస్ పెట్టండి. కేబుల్ గ్లాండులు (కేబుల్ లోపలికి వెళ్ళే బిగింపులు) పెట్టెకి అడుగువైపే ఉండాలి. కేబుల్ కొసన ఉండే ఆర్జే45 ప్లగ్గు పిన్నుల మీద పచ్చ చిలుము కనిపిస్తే శుభ్రం చేస్తూ కూర్చోకుండా కోసేసి కొత్తది క్రింప్ చేయండి. మెయిన్ స్విచ్, యాంప్లిఫయర్లు కూడా యూపీఎస్ మీద ఉంటేనే జనరేటర్ అందుకునేలోపు అనౌన్స్‌మెంట్ బతుకుతుంది.

కూతకి మందు ఈక్వలైజర్ కాదు. ప్యాకింగ్ హాలు మైకు బటన్ నొక్కినప్పుడు ఆ మైకు దగ్గరి స్పీకర్లు మ్యూట్ అయ్యేలా పెట్టండి. అన్నీ ఒకే జోన్‌లో ఉండి అలా కుదరకపోతే మాట రికార్డయి, బటన్ వదిలాక వినిపించే పద్ధతి పెట్టండి. మైకు గెయిన్ తగ్గించి, నోటికి 5 నుంచి 10 సెంటీమీటర్లలో మాట్లాడించండి. చైమ్ పూర్తయ్యాకే మొదలుపెట్టమని చెప్పండి, లేకపోతే మొదటి రెండు మాటలూ దానిలో కలిసిపోతాయి.

స్పీకర్ లైను కూడా ఈ పనిలో చూసేయండి. 100 వోల్టుల లైనులో స్పీకర్ల ట్యాపులన్నీ (ఒక్కో స్పీకర్‌కి పెట్టిన వాట్లు) కూడి, యాంప్లిఫయర్ దానికి కనీసం 20 శాతం ఎక్కువ ఉండాలి. మల్టీమీటర్‌తో ఓములు చూస్తే ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట రెసిస్టెన్సే కనిపిస్తుంది, ఇంపిడెన్స్ మీటర్ తెప్పించండి. 10,000ని మొత్తం వాట్లతో భాగించండి: 160 వాట్లకి 62.5 ఓములు రావాలి. 30 వస్తే మధ్యలో ఎవరో స్పీకర్లు కలిపారు, లేదా జాయింట్ పెట్టెలో నీళ్ళున్నాయి.

మీరు అడగలేదు కానీ కోల్డ్ స్టోరేజిలో అమ్మోనియా ఉంటుంది కాబట్టి ఇది అన్నిటికంటే ముఖ్యం. ఖాళీ చేయమనే సందేశం తెలుగు, హిందీ, ఒడియాల్లో, మీ పనివాళ్ళు మాట్లాడే ఇంకే భాష ఉంటే అందులోనూ రికార్డు చేసి, మైకులో కాకుండా యాంప్లిఫయర్‌లోనే ఉంచండి. గ్యాస్ డిటెక్టర్ రిలే కాంటాక్టు నేరుగా దానికే కలపండి, నెట్‌వర్క్ పడిపోయినా మోగుతుంది. దానికి అన్నిటికంటే పై ప్రయారిటీ ఇవ్వండి. ఒక్కో హాలుకి రెండు స్పీకర్ లైన్లు వేసి, స్పీకర్లను ఒకటి విడిచి ఒకటి ఒక్కో లైనుకి కలపండి. ఒక లైను తెగినా హాలు మొత్తం మూగబోదు. కంప్రెసర్ రూములో మోత కంటే మాట 10 నుంచి 15 డెసిబెల్స్ పైన ఉండాలి, దానికి సీలింగ్ స్పీకర్లు చాలవు, హారన్లే పెట్టాలి. టెస్ట్ కూడా సెలవు రోజున వద్దు. కంప్రెసర్లన్నీ తిరుగుతుండగా ఒకసారి, మెయిన్ కరెంటు ఆపి యూపీఎస్ మీద ఇంకోసారి చేయండి.