పెరటి తోటకు చోటు చూసేముందు

బిడ్డా,

ఇంటి వెనక ఖాళీ జాగలో కూరగాయలు పెట్టుకుంటానని మొన్న ఫోన్‌లో చెప్పావు. చాలా సంతోషమైంది. కానీ ఆ వెనక జాగ నాకు నచ్చలేదు. ఎందుకో ఫోన్‌లో తెగే మాట కాదని రాస్తున్నా.

ఇల్లు పోగా మిగిలిందే తోటకు అనుకోవద్దు. వంటింటి కిటికీలోంచో, బట్టలుతికే బండ దగ్గర నుంచో రోజూ నీ కళ్ళు పడే చోటు చూడు. మీది అచ్చంపేట పక్క, నల్లమల అంచు. కోతులు, అడవి పందులు, నెమళ్ళు మూడూ వస్తాయి. మనిషి అలికిడి లేని చోటే అవి ముందు దిగుతాయి. వెనక ఎంత జాగ ఉన్నా, తలుపు పక్కన నాలుగు మళ్ళే నీకు కూరకు అక్కరకొస్తాయి.

తర్వాత ఎండ. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఇంటి నీడ ఎక్కడిదాకా పడుతుందో ముగ్గుతో గీసి చూడు. బెండ, వంకాయ, టమాట లాంటి కాయ కాసేవాటికి రోజుకు 6 గంటల ఎండన్నా ఉండాలి. ఆకుకూరలు 4 గంటలతో సర్దుకుంటాయి. అయితే ఇప్పుడు గీసిన గీత ఏడాదంతా ఉండదు. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలుతాడు. డిసెంబరులో 10 అడుగుల గోడ నీడ మిట్టమధ్యాహ్నం కూడా ఉత్తరం వైపు 8 అడుగులు దాటి పడుతుంది. అందుకే ఇంటికి ఉత్తరాన గోడకు ఆనించి మళ్ళు చేయకు. వానాకాలం ఏపుగానే ఉంటాయి, తీరా కూరగాయలు బాగా కాసే చలికాలంలో ఎండ లేక పాలిపోతాయి.

మన ఎండలకు తూర్పు వైపే మేలు. పొద్దుటి ఎండంతా తగులుతుంది, సాయంత్రం మండే పడమటి ఎండను ఇల్లే ఆపుతుంది. అక్కడ చోటు లేకపోతే దక్షిణం వైపు చేసుకో, కానీ పడమటి గెట్టు మీద వరుసగా మునగ పెట్టు. చింతచెట్టు కింద మాత్రం ఏమీ రాదు. వేప మొదట్లో పెడితే నువ్వు పోసిన నీళ్ళు వేపే తాగుతుంది.

నేల గురించి టెన్షన్ వద్దు. ఎర్ర ఇసుక నేల, అంటే చెల్క అయితే పెంట ఎరువు, చెరువు మట్టి కలుపు, తేమ నిలుస్తుంది. నల్లరేగడి అయితే మళ్ళు ఎత్తుగా చెయ్యి.

విత్తనం కంటే ముందు దడి కట్టు. మేకలు, బర్రెలకు రాతి కడీలు పాతి 5 అడుగుల జాలి కడితే చాలు. కానీ అడవి పంది పైనుంచి దూకదు, ముట్టెతో కిందనుంచి లేపి దూరుతుంది. అందుకని జాలి ఒక అడుగు భూమిలోకి దిగాలి, మొదట్లో రాళ్ళు పేర్చాలి. చుట్టూ పాత చీరలు కట్టడం మన రైతులందరూ చేసేదే, అయితే అలవాటు పడ్డాక పంది వాటికి బెదరదు. జాలికి బయట వాక్కాయ మొక్కలు దగ్గరదగ్గరగా పెట్టు. ముళ్ళుంటాయి, నీళ్ళు పెద్దగా అడగవు, పప్పులోకి కాయలూ వస్తాయి. సర్కారు తుమ్మ కంప వేస్తే కాయల్లేని కొమ్మలే తెప్పించు. ఆ గింజలు మొలిస్తే పీకడం మన తరం కాదు.

కోతిని ఏ దడీ ఆపదు. ఇనుప పైపులతో చిన్న గదిలా చేయించి, పైకప్పుతో సహా జాలి బిగించడం ఒక్కటే నాకు నమ్మకమైన దారి. నైలాన్ వల కొనకు, చింపేస్తాయి. అంగుళం కళ్ళున్న ఇనుప జాలి అయితే తేనెటీగలు వచ్చిపోతాయి, పూత నిలుస్తుంది. టమాట, వంకాయ, చిక్కుడు దాని లోపల పెట్టు. మిర్చి, కాకర, పసుపు, పుదీన బయటున్నా వాటి జోలికి అంతగా రావు. పిల్లలు ముచ్చటపడి కోతికి అరటిపండు ఇవ్వకుండా చూడు. ఒక్కసారి తినిపిస్తే ఆ ఇంటిని అది మరిచిపోదు.

ఇంకొకటి, దీనికి ఎదురు చెప్పొద్దు. తీగకు ఇంటి కరెంటు పెట్టమని ఎవరన్నా చెబితే అస్సలు వినకు. పందికి పెట్టిన తీగ తగిలి మన పల్లెల్లో ఎందరో రైతులు చచ్చిపోయారు. రేపు ఆ తీగ పట్టుకునేది నీ పిల్లలే కావచ్చు. పైగా నెమలినైనా పందినైనా అలా చంపడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. తప్పదనుకుంటే సోలార్ కంచె పెట్టించు. అది సెకనుకోసారి క్షణకాలం షాక్ ఇస్తుంది, జంతువు బెదిరి పోతుంది కానీ చావదు. మెషిన్ మాత్రం కంపెనీదే కొను, తెలిసినవాళ్ళు కట్టిచ్చింది వద్దు.

రోహిణి కార్తెలో మళ్ళు తవ్వించి ఎండనివ్వు. మృగశిరకల్లా దడి పని అయిపోవాలి. బీర, చిక్కుడు, పుంటికూర విత్తనాలు మీ నాయనతో పంపిస్తా.

మీ పెద్దమ్మ