మంచు కురిసిందా, స్నో పడిందా?

సందేహం: మాది దేవరకొండ దగ్గరి పల్లె. ఉద్యోగరీత్యా హ్యూస్టన్‌లో ఉంటున్నాను. ఇక్కడ చలికాలం పెద్దగా బాధపెట్టదు. అలాంటిది 2025 జనవరి 21న తెల్లారి చూస్తే వీధంతా తెల్లగా ఉంది, విమానాలు కూడా ఆగిపోయాయి. సంతోషం పట్టలేక అమ్మకు ఫోన్ చేసి "అమ్మా, మంచు కురుస్తున్నది" అన్నాను. "ఇక్కడ రోజూ కురుస్తనే ఉన్నది బిడ్డా, మామిడికి పూత నిలుస్తలేదు" అన్నది. నా మాట తప్పా? స్నో అనాలా, హిమపాతం అనాలా?

సమాధానం: మీ మాట తప్పు కాదు. అమ్మగారి మాటా తప్పు కాదు. మీరిద్దరూ ఒకే మాటతో రెండు వేర్వేరు వస్తువులను చూశారు, అంతే.

మన 'మంచు' చాలా విశాలమైన మాట. రాత్రి ఆకుల మీద చేరే తడి మంచే. తెల్లవారుజామున నార్కట్‌పల్లి దగ్గర హైవేను కమ్మేసి లారీలను ఆపేదీ మంచే. హిమాలయాల మీద ఉన్నదీ మంచే. ఇది మన భాషలో లోపమేమో అనుకోకండి. కన్నడంలో మంజు, మలయాళంలో మఞ్ఞు కూడా ఇలాగే పొగమంచుకూ, ఆకాశం నుంచి రాలే తెల్లటి మంచుకూ ఒక్కటే మాటగా పనిచేస్తాయి. సంస్కృతంలోనూ అమరకోశం నీహారం, తుషారం, తుహినం, హిమం, ప్రాలేయం అన్నిటినీ ఒకే వరుసలో పెట్టింది. ఆ వెంటనే హిమం కుప్పపడితే మాత్రం 'హిమాని' అని వేరే పేరు చెప్పింది. భూగోళ పాఠాల్లోని హిమానీనదం ఆ మాట నుంచి వచ్చిందే.

తెలుగులో ఈ తేడాను చూపించేది నామవాచకం కాదు, క్రియ. నాకు ఇది పుస్తకంలో కాదు, పాలమూరు పల్లెలో తెలిసింది. చిన్నప్పుడు ఆరుబయట పడుకుని పొద్దున లేచేసరికి కప్పుకున్న గొంగడి మీద సన్నటి బొట్లు నిలిచి ఉండేవి. చెయ్యి పెడితే అరచేయంతా తడి. "మంచుకు తడిసింది, ఎండల ఎయ్యి" అనేది మా నాయనమ్మ. ఎండ రాగానే ఆ మంచు ఆరిపోయేది. పొలం మీద కమ్మిన మంచు విడిపోయేది. మన మంచు ఆరుతుంది, విడుతుంది. మీ హ్యూస్టన్ మంచు పేరుకుంటుంది, గడ్డకడుతుంది, కరుగుతుంది. 'కురవడం' మాత్రం రెండింటికీ చెల్లుతుంది కాబట్టి అమ్మగారు తన మామిడితోటనే తలచుకున్నారు. పూత మీద ఆశ పెట్టుకున్న మనిషికి జనవరిలో మంచంటే ముందు గుర్తొచ్చేది అదే కదా!

హిమపాతం పత్రికల మాట. వార్తలో బాగుంటుంది, అమ్మతో మాట్లాడేటప్పుడు పరాయిగా ఉంటుంది. 'స్నో పడ్డది' అన్నా తప్పులేదు, ఇంట్లో అందరికీ తెలిస్తే హాయిగా అనండి. రాళ్లవాన అని మాత్రం అనకండి. అది వడగండ్లు, పూర్తిగా వేరు. 'ఇగం' అన్నా కుదరదు, మన వైపు అది ఒళ్లు కొంకర్లు పోయే చలికి చెప్పే మాట.

అమ్మగారికి ఇలా చెప్పి చూడండి: "అమ్మా, కారు మీద బెత్తెడు మందాన మంచు పేరుకున్నది, పారతోటి తోడి పోస్తున్న." ఇక ఆమె మామిడిపూత గురించి అడగరు. "చేతులకు ఏమన్న తొడుక్కున్నవా బిడ్డా?" అని అడుగుతారు.