పరాయి కూనలను మా కుక్క దగ్గరికి తీస్తుందా?

ప్రశ్న: మా లాబ్రడార్ ఈని వారం దాటింది, ఐదు పిల్లలు. మా వీధిలో ఏటా చలికాలంలో తల్లి బండి కింద పడి చనిపోయిన ఊరకుక్క కూనలు దిక్కులేకుండా కనబడుతుంటాయి. అలాంటివి దొరికితే మా కుక్క దగ్గర పెట్టవచ్చా? పాలిస్తుందా, కరిచేస్తుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నెమ్మదైన కుక్క అయితే చాలావరకు ఇస్తుంది. బాలింత కుక్క పిల్లలను లెక్కపెట్టుకోదు, వాసనతో పోల్చుకుంటుంది. అయితే మీరు అడిగిన దానికంటే ముందు చూడాల్సినవి రెండున్నాయి.

మొదటిది చలి. చిత్తకార్తెలో జతకట్టిన ఊరకుక్కలు 63 రోజులకు, అంటే డిసెంబరు రెండో సగంలో ఈనుతాయి. తల్లి లేని కూన ఆ చలికి గంటల్లో చల్లబడిపోతుంది. దొరికిన కూన నోట్లో శుభ్రమైన చిటికెనవేలు పెట్టి చూడండి. నోరు చల్లగా ఉండి, వేలు చప్పరించకపోతే దాన్ని పాలకు పెట్టకండి, సీసాతోనూ పట్టకండి. ఒంటి వేడి 35 డిగ్రీల కంటే తగ్గితే పేగులు కదలవు. తాగిన పాలు కడుపులోనే నిలిచి ఉబ్బరిస్తుంది, లేదా పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. జాలిపడి ముందు పాలు పట్టడం వల్లే చాలా కూనలు పోతున్నాయి. వేడినీళ్ల సీసాకు తువ్వాలు చుట్టి అట్టపెట్టెలో ఒక పక్కన ఉంచండి. రెండో పక్క ఖాళీగా వదిలితే వేడెక్కువైనప్పుడు కూన అటు జరుగుతుంది. గంట రెండు గంటల్లో మెల్లగా వెచ్చబడాలి. హీటరు ముందు పెట్టి ఒక్కసారిగా కాచకండి.

రెండోది రోగం. ఊరకుక్క కూనలతో పార్వో (రక్తవిరేచనాలు పట్టించే వైరస్ రోగం), డిస్టెంపర్ (జ్వరం, దగ్గు, ఫిట్స్ తెచ్చే వైరస్ రోగం) మీ ఐదు పిల్లలకూ రావచ్చు. తల్లి రక్తవిరేచనాలతో పోయి ఉంటే ఆ కూనలను మీ కుక్క దగ్గరికి తీసుకెళ్లనే వద్దు, వేరే గదిలో సీసాపాలతో పెంచండి. చొంగ కారుస్తూ, కనబడినవారినల్లా కరుస్తూ చనిపోయి ఉంటే రేబిస్ అని అనుమానించాలి. ఆ కూనలను ముట్టుకోకుండా పశువైద్యుడికి చెప్పండి. అప్పటికే ముట్టుకున్నవాళ్లు చేతులు సబ్బుతో 15 నిమిషాలు కడుక్కుని, అదే రోజు టీకా కోసం ఆసుపత్రికి వెళ్లాలి. బండి కింద పడిన తల్లి పిల్లలైతే పశువైద్యుడు చూశాక పెట్టవచ్చు. పిడుదులుంటే పట్టకారుతో ఒక్కొక్కటీ తీయండి. పెద్ద కుక్కలకు వాడే పిడుదుల మందు చల్లకండి. పసికూనకు అది విషం, పైగా మీ కుక్క దాన్ని నాకుతుంది.

ఇక కలిపే పద్ధతి. రెండు ఈతల మధ్య తేడా వారం లోపుంటే మంచిది. మూడు వారాల పిల్లల మధ్య మూడు రోజుల కూనను వేస్తే చన్ను దాకా రానివ్వవు. మీ కుక్కను పిల్లల దగ్గర నుంచి తప్పించి, అరగంట బయట తిప్పండి. ఈలోగా దాని పిల్లలు పడుకున్న గుడ్డతో కొత్త కూనలను తల నుంచి తోక దాకా, ముఖ్యంగా వెనక భాగం, బాగా రుద్దండి. తర్వాత అన్నిటినీ ఒకే కుప్పగా కలిపేసి, కొత్తవాటిని అడుగున ఉంచండి. మీ కుక్క చన్నులు నిండి, పిల్లల కోసం ఆత్రపడుతున్నప్పుడు లోపలికి తీసుకురండి. తల దగ్గర కూర్చుని, మెడపట్టీ మీద చెయ్యి ఉంచండి. మొదట మీ పిల్లలను చన్నులకు అందించి, పాలు చేపాక కొత్తవాటిని వెనక చన్నులకు పెట్టండి, అక్కడ పాలు ఎక్కువ.

మీ కుక్క కొత్త కూన పొట్ట, తోక కింద నాకడం మొదలుపెట్టిందంటే పని అయినట్టే. ముక్కుతో పక్కకు నెట్టినా తొందరపడి తీసేయకండి, ఇంకోసారి పెట్టి చూడండి. గుర్రుమంటే, బిగుసుకుపోయి రెప్ప వేయకుండా కూననే చూస్తుంటే, నోటితో పట్టి అవతల పడేస్తే వెంటనే తీసేయాలి. మొదటి ఒకటి రెండు రోజులు మనిషి లేకుండా వదలకండి.

మరొక మాట. కూన పుట్టి ఒక రోజైనా కాకపోతే, దానికి దక్కాల్సింది ముర్రుపాలు. అందులోని రక్షణ శక్తిని పేగు పీల్చుకునేది మొదటి 24 గంటలే, అందులోనూ మొదటి కొన్ని గంటల్లోనే ఎక్కువ. ఈని వారం దాటిన కుక్క పాలు కడుపు నింపుతాయి కానీ ఆ లోటు తీర్చవు. అలాంటి కూనకు వయసు రాగానే టీకాలు తప్పనిసరి, అప్పటిదాకా బయటి కుక్కల మధ్యకు తీసుకెళ్లకండి.

ప్రశ్న: మా కుక్క మూడు పరాయి కూనలను చక్కగా చేరదీసింది. అన్నీ తాగుతున్నాయి. కానీ ఒకటి రాత్రంతా కూస్తోంది, ఎందుకు?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: చన్ను నోట్లో ఉన్నంత మాత్రాన పాలు కడుపులో పడుతున్నట్టు కాదు. వంటింటి డిజిటల్ త్రాసు తెచ్చి, గిన్నెలో గుడ్డ వేసి, రోజూ ఒకే వేళకు తూచి రాసుకోండి. ఒకేలా కనబడే కూనల కాళ్లకు రంగు ఉన్ని దారం వదులుగా కట్టి, రోజూ సరిచూసుకోండి. పుట్టుక బరువులో రోజుకు 5 నుంచి 10 శాతం పెరగాలి, ఎనిమిది పది రోజులకు రెట్టింపు కావాలి. ఒక రోజంతా బరువు కదలకపోతే ఆ కూనకు పై పాలు కావాలి.

ఆవుపాలు నీళ్లు కలిపి పోయడం మనకు అలవాటు, అదే పొరపాటు. కుక్కపాలలో మాంసకృత్తులు, కొవ్వు ఆవుపాలకు రెట్టింపు ఉంటాయి, పాలచక్కెర తక్కువ. నీళ్లు కలిపితే అసలే పలచనివి ఇంకా పలచబడతాయి, కూనకు విరేచనాలు పట్టుకుంటాయి. కుక్కపిల్లల పాలపొడి మందుల షాపులోనో, పెంపుడు జంతువుల దుకాణంలోనో దొరుకుతుంది. దాన్ని డబ్బా మీద చెప్పినట్టు కలిపి, గోరువెచ్చగా, 100 గ్రాముల బరువుకు ఒక్కసారికి 4 మిల్లీలీటర్లు మించకుండా పట్టండి. మొదటి వారం రెండు మూడు గంటలకోసారి. పసిబిడ్డలా వెల్లకిలా పడుకోబెట్టకండి, బోర్లా ఉంచి తల కొద్దిగా ఎత్తండి. ముక్కులోంచి పాలు వస్తే ఆపేయండి. తల్లి నాకని కూనకు తాగిన ప్రతిసారీ తడి దూదితో తోక కింద మెల్లగా రాయాలి, లేకపోతే మూత్రం కూడా పోదు.

చిగుళ్లు తెల్లగా పాలిపోయి ఉంటే కొంకి పురుగులు (పేగుల్లో రక్తం పీల్చేవి) కావచ్చు. అవి తల్లిపాల ద్వారా కూడా వస్తాయి. రెండు వారాల వయసు నుంచి పశువైద్యుడు బరువును బట్టి పురుగుల మందు ఇస్తారు, తల్లికి కూడా అప్పుడే వేయించండి.

ప్రశ్న: మా కుక్క ఈనలేదు, కట్టనూ లేదు. ఎదకు వచ్చిన రెండు నెలలకు పాలు వచ్చాయి. దీని దగ్గర అనాథ కూనలను పెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: పెట్టవచ్చు. ఇది అబద్ధపు చూలు. ఇలాంటి కుక్కలు కూనలను ప్రేమగా చూసుకుంటాయి, చాలాసార్లు పాలూ సరిపోతాయి. పైన చెప్పిన త్రాసు లెక్కే ఇక్కడా ప్రమాణం. కూనలు లేకపోతే మాత్రం పాలు పిండకండి, పిండేకొద్దీ వస్తాయి.

ప్రశ్న: సొంతవి, పరాయివి కలిపి ఎనిమిది పిల్లలు తాగుతున్నాయి. మా పామరేనియన్‌కు కాల్షియం టానిక్ పట్టాలా? ఎంత తిండి పెట్టాలి?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: చిన్నజాతి కుక్కకు ఎనిమిది చాలా ఎక్కువ. సగం కూనలను పూటకు మార్చి పూట దగ్గర పెట్టి, మిగతా సగానికి పాలపొడి పట్టండి. ఈనిన మూడు నాలుగు వారాలకు పాలు ఎక్కువగా ఉంటాయి, అప్పుడు దాని తిండి మామూలుకు రెండు మూడు రెట్లు కావాలి. పెరుగన్నం ఒక్కటే చాలదు. కుక్కపిల్లల కోసం చేసిన మేత, ఉడికించిన గుడ్డు, కోడిమాంసం రోజుకు నాలుగుసార్లుగా పెట్టండి. నీళ్ల గిన్నె ఎప్పుడూ నిండుగా ఉండాలి. టానిక్ పశువైద్యుడు చెబితేనే. చూలుతో ఉన్నప్పుడు అతిగా పట్టిస్తే ఒంట్లో నిల్వ ఉన్న కాల్షియాన్ని తీసుకునే శక్తి మందగించి, ఈనాక అదే ముప్పు తెస్తుంది.

ఆ ముప్పు ఇలా కనబడుతుంది: ఊరికే ఆయాసపడడం, ఒకచోట నిలవకపోవడం, కర్రల్లా బిగుసుకున్న కాళ్లతో నడవడం, వణుకు, తర్వాత ఫిట్స్. రక్తంలో కాల్షియం పడిపోయిందన్నమాట. నోటి మందుతో ఆగదు. కూనలన్నిటినీ వెంటనే విడదీసి, అర్ధరాత్రయినా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి, గుండె చప్పుడు చూసుకుంటూ నరానికి నెమ్మదిగా కాల్షియం ఎక్కిస్తారు. ఆ రోజుకు కూనలు సీసాపాలతోనే ఉండాలి.