పక్కింటావిడ సాక్ష్యం

విశాఖపట్నం,
ఆదివారం సాయంత్రం

అమ్మా,

నీ నోటుబుక్కు అందింది. పోయిన వారం ఆరాధన అయ్యాక మీ తాతయ్య చర్చి గేటు దగ్గర దాన్ని నా చేతిలో పెట్టి, "మా మనవరాలు కథలు రాస్తోంది. మీరు కోర్టులో ఊళ్లోవాళ్ల తప్పులన్నీ టైపు కొట్టినవారు, దీని తప్పులు కూడా చూడండి" అన్నాడు. మూడు కథలూ రెండేసి సార్లు చదివాను. గీతలు పెన్సిలుతోనే పెట్టాను. నచ్చకపోతే చెరిపేసుకో.

కథల ముందు చిన్న కాగితం మీద ఒక ప్రశ్న రాశావు. నా విశ్వాసం నలుగురికీ కనపడేలా బతకాలనుంది, అలాగే రాయాలని కూడా ఉంది, ఎలా తాతయ్యా అని. ఒక్క వాక్యంలో అడిగావు గానీ అవి రెండు ప్రశ్నలు. రెండింటికీ నా దగ్గర ఉన్న జవాబు మాత్రం ఒకటే. అది చెప్పాలంటే కొంచెం చుట్టు తిరిగి రావాలి.

ముందు కథల సంగతి. మూడింటిలోనూ ఒక మంచి విశ్వాసి ఉన్నాడు. తాగడు, కోప్పడడు, అప్పు చెయ్యడు, ఆఖరికి సిటీ బస్సులో సీటు కోసం కూడా తోసుకోడు. మూడింటిలోనూ ఒక చెడ్డవాడు ఉన్నాడు. చివరి పేజీకి వచ్చేసరికి వాడు ఏడుస్తూ మోకాళ్ల మీద పడతాడు. మొదటి కథలో అయితే సరిగ్గా అదే నిమిషానికి డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ వెలుగుతుంది. ఈ ఊళ్లో కథలు రాసే మనవాళ్లు ఆ లైట్‌హౌస్‌ని వాడుకోకుండా ఉండలేరు. నేను రెండుసార్లు వాడాను. ఇక దాన్ని పడవలవాళ్లకి వదిలేద్దాం.

నేను ముప్పై ఏళ్ల పైన కోర్టులో టైపిస్టుగా చేశానని నీకు తెలుసు. సాక్షి బోనులో నిలబడి చెప్పింది జడ్జిగారు చెబుతుంటే టైపు కొట్టడం నా పని. ఎన్ని వాంగ్మూలాలు ఈ వేళ్ల మీదుగా వెళ్లాయో లెక్కలేదు. అన్నేళ్లు విన్నాక ఒకటి తెలిసిపోతుంది. నేర్పి తెచ్చిన సాక్షి తడబడడు. "సదరు తేదీన సాయంత్రం సుమారు ఆరు గంటల సమయంలో" అని మొదలుపెడతాడు. ఇంటి దగ్గర ఎవరూ అలా మాట్లాడరు. నిజంగా చూసినవాడు అడగనివి కూడా చెబుతాడు. "ఆ రోజు మా గేదె ఈనిందండి, అందుకే నాను పొలం ఎల్లలేదు" అంటాడు. ప్లీడరుగారు విసుక్కుంటారు. జడ్జిగారు మాత్రం ఆ గేదె దగ్గరే తలెత్తి అతని మొహంలోకి చూసేవారు. ఎదుటి పక్షం ప్లీడరు ప్రశ్నలు, అదే క్రాస్, మొదలయ్యాక నేర్పుకొచ్చినవాడు పది నిమిషాల్లో కూలిపోయేవాడు, గేదె ఉన్నవాడు నిలబడేవాడు.

నీ కథల్లో గేదెలు లేవమ్మా.

ఇంకో సంగతి. నేను పనిచేసినన్నాళ్లూ 1872 నాటి సాక్ష్య చట్టమే నడిచింది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది గానీ ఈ నియమం అందులోనూ ఉంది. కంటికి కనపడే సంగతి అయితే, చూశాననే మనిషే వచ్చి చెప్పాలి. ఎవరో అనుకుంటుంటే విన్నానంటే కుదరదు. యోహాను తన మొదటి పత్రిక మొదలుపెట్టింది కూడా ఆ దారిలోనే, "కన్నులార ఏది చూచితిమో" అంటూ. మన చర్చిల్లో సాక్ష్యం అన్న మాటకి వాడుక మారింది. సాక్ష్యం అంటే మైకు తీసుకుని మన గురించి మనమే చెప్పుకోవడం అయింది. తప్పని అనను. నేనూ చెప్పాను, ఇతరులవి విని కళ్లు తుడుచుకున్నాను కూడా. కానీ నువ్వు అడిగింది కనపడటం గురించి. అది చూసేవాళ్ల పని. ఆ విషయంలో నువ్వు సాక్షివి కావు, మీ పక్కింటావిడ సాక్షి. ఆవిడ చర్చికి రాదు, మైకు అడగదు. అయినా నీ మీద వాంగ్మూలం రోజుకో వాక్యం రాసుకుంటూనే ఉంటుంది.

నా మీద ఏం రాసుకుందో చెబుతాను. ఇది మీ తాతయ్యకి కూడా తెలీదు.

2014 అక్టోబరు 12, ఆదివారం. అప్పటికి నువ్వు చిన్నపిల్లవి, అయినా హుద్‌హుద్ గుర్తుండే ఉంటుంది. ముందు రోజు రేడియోలో హెచ్చరికలు విని నేను మేడ మీద ట్యాంకు నిండా నీళ్లు పట్టాను. డ్రమ్ములు, బిందెలు కూడా వదల్లేదు. మర్నాడు మధ్యాహ్నానికి తుపాను మన ఊరి దగ్గరే తీరం దాటింది. గాలి తగ్గాక తలుపు తీసి చూస్తే వీధిలో సగం చెట్లు పడిపోయి ఉన్నాయి, నిలబడ్డ వాటికి ఆకు లేదు. కైలాసగిరి గుండు కొట్టించుకున్నట్టు ఉంది. కరెంటు లేదు. కరెంటు లేకపోతే మోటారు లేదు, మోటారు లేకపోతే నీళ్లు లేవు. పాల ప్యాకెట్టు, కొవ్వొత్తి ఎంత చెబితే అంత.

మా గేటు పక్కన గోడకి ఒక పాలరాతి పలక ఉంటుంది, నువ్వు చూసే ఉంటావు. "నేనును నా యింటివారును యెహోవాను సేవించెదము" అని ఇల్లు కట్టిన ఏడాది చెక్కించాను. అంత గాలికీ దానికి ఏమీ కాలేదు.

మంగళవారం పొద్దున్న పక్కింటావిడ వచ్చింది. ఇడ్లీ బండి నడుపుకునేది. "రెండు బకెట్లు నీల్లు ఇత్తారేటి బాబూ, పిల్లలకి గంజి కాయాల" అంది. ట్యాంకులో సగం పైనే ఉన్నాయి. అరగంట ముందే నేను మేడెక్కి కర్ర ముంచి కొలిచి దిగాను.

"మాకే చాలడం లేదమ్మా" అన్నాను.

ఆవిడ ఏమీ అనలేదు. నా మొహం కూడా చూడలేదు. పలక వైపు చూసింది. ఆవిడకి చదువు రాదు, దాని మీద ఏం రాసుందో తెలీదు. దేవుడి మాట అని మాత్రం తెలుసు. ఖాళీ బకెట్లు తీసుకుని వెళ్లిపోయింది.

నాలుగిళ్ల అవతల పోర్టులో కళాసీగా చేసి రిటైరైన ఒకాయన ఉండేవాడు. సింహాచలం అప్పన్న భక్తుడు. ఆయన పెరట్లో వాడకం లేని బావి మీద రేకులు లాగేసి, గిలక కట్టి, ఆ మధ్యాహ్నం నుంచి వీధికంతా నీళ్లు తోడి పోశాడు. గురువారానికి మా ట్యాంకు అడుగంటింది. బిందె పట్టుకుని నేనూ వెళ్లి ఆ వరసలో నిలబడ్డాను. నా ముందు ఇడ్లీ బండి ఆవిడే. వెనక్కి తిరిగి చూసి, పక్కకి జరిగి నాకు చోటిచ్చింది.

ఆ డిసెంబరులో ఎప్పటిలాగే వీధిలో అందరికీ కేకు పంచాను. ఆవిడ రెండు చేతులతో అందుకుని "మీ దేముడు మంచోడే బాబూ" అంది. మంచోడు అనలేదు, మంచోడే అంది. ఆ చివరి ఏత్వం పదేళ్లు దాటినా నన్ను క్రాస్ చేస్తూనే ఉంది.

దీన్ని కథగా రాశాను. ఎలా రాశాననుకున్నావు? కథానాయకుడు మొదట లేవంటాడు. తర్వాత గదిలోకి వెళ్లి ప్రార్థన చేస్తాడు, వాక్యం గుర్తొస్తుంది, వీధిలోకి పరుగెత్తి నాలుగు బకెట్లు ఇస్తాడు. ఒక పత్రికలో అచ్చయింది కూడా. మా ఆవిడ చదివి, పత్రిక మడిచి పక్కన పెట్టి, "నాలుగు బకెట్లు ఎప్పుడిచ్చారు?" అని అడిగి కూర తరగడానికి వెళ్లిపోయింది.

కథలో జరిగింది మార్చుకోవచ్చు, ఆ హక్కు మనకుంది. నేను చేసిన తప్పు వేరే. పక్కింటావిడ కళ్లు తీసేసి నా కళ్లు పెట్టాను. ఖాళీ బకెట్లతో ఆవిడ మా గేటు నుంచి తన గుమ్మం దాకా నడిచిన ఆ పదిహేను అడుగులు రాసి ఉంటే చాలు, చదివినవాడు ఆ పలక దగ్గర ఆగిపోయేవాడు. నన్ను మంచివాడిగా చూపించాలన్న తొందరలో ఆ కథలో దేవుడికి పని లేకుండా చేశాను.

వాక్యంలోనే జవాబు ఉంది కదా అంటావేమో. ఉంది. కానీ రెండు ఉన్నాయి, చిక్కంతా అక్కడే. మత్తయి 5:16లో "వారియెదుట మీ వెలుగు ప్రకాశింపనియ్యుడి" అని ఉంది. 6:1లో "మనుష్యులకు కనబడవలెనని వారియెదుట మీ నీతికార్యము చేయకుండ జాగ్రత్తపడుడి" అని ఉంది. ఒకే ప్రసంగం, రెండు మాటల మధ్య 32 వచనాలే. చిన్నప్పుడు సండే స్కూల్లో ఇది అడిగితే టీచరుగారు కూర్చోమన్నారు. నాకు ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. తేలినంత మట్టుకు, మొదటిచోట చూసినవాళ్ల మనసు తండ్రి మీదికి పోతుంది, రెండోచోట మన దగ్గరే ఆగిపోతుంది. పని మాత్రం రెండుచోట్లా ఒకటే కావచ్చు.

క్రిస్మస్ ముందు వారం పెద్దాసుపత్రి వార్డుల్లో పళ్లు, రొట్టెలు పంచడానికి గుంపులుగా వస్తారు. నువ్వు పనిచేసే మందుల షాపు ఆ దారిలోనే కదా, చూసే ఉంటావు. మంచి పనే. కొందరు మాత్రం రోగి చేతిలో అరటిపండు పెట్టి ఇటు చూడమంటారు. సెలైన్ ఎక్కుతున్న మనిషి ఫోన్ వైపు తిరిగి నవ్వాలి. స్టేటస్‌లో పెట్టగానే పెట్టినవాళ్లకి వందనాలు వస్తాయి. నువ్వు వెళితే వెళ్లు, ఫోన్ బ్యాగులోంచి తియ్యకు. రాత్రి ప్రార్థనల మైకు కూడా అంతే. పక్కింట్లో ఇంటర్ పరీక్షలు రాసే పిల్ల ఉంటే సౌండు తగ్గించడం కూడా సువార్త పనే అంటాను నేను. దీనికి మా సంఘంలో కొందరికి నా మీద కోపం. ఉండనీ.

పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో వాళ్లని "మనుష్యులందరు తెలిసికొనుచు చదువుకొనుచున్న మా పత్రిక" అంటాడు. పత్రిక అంటే అక్కడ ఉత్తరమే. ఉత్తరం తనని తాను చదువుకోలేదు కదా. షాపులో నువ్వు క్రిస్టియన్ అని నీ రింగ్‌టోన్ వల్లే అందరికీ తెలిసిపోయి ఉంటుంది. వాళ్లు చదవడం అక్కడి నుంచి మొదలవుతుంది. స్టాకులో తేడా వస్తే ఎవరి మీదికి తోస్తుంది? ఆదివారం పొద్దున్న చర్చికని వెళుతుంది కదా, దసరాకి, దీపావళికి మన డ్యూటీ తను చేస్తానంటుందా? ఈ రెండో ప్రశ్న మీదే ఒక కథ రాయొచ్చు, నీకు ఓపిక ఉంటే.

ఇక భాష. నీ కథల్లో గాజువాక ఆటో డ్రైవరు కూడా "నీవు భయపడకుము" అంటున్నాడు. ఆ బైబిల్ తెలుగంటే నాకు ప్రాణం. దాని మొదటి అడుగుల్లో కొన్ని ఈ ఊళ్లోనే పడ్డాయి. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నం వచ్చారు. తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో సువార్తలు తెలుగులో పెట్టే పని పట్టుకున్నారు. క్రాన్ 1809లో పోయాడు, డెస్ గ్రాంజెస్ 1810లో పోయాడు. వాళ్ల మత్తయి, మార్కు, లూకా 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. ఇద్దరిలో ఒక్కరూ ఆ పుస్తకం చూడలేదు. పాత ఊళ్లో నడిచేటప్పుడు వాళ్లు గుర్తొస్తారు, ముఖ్యంగా వాళ్ల చెవులు. సముద్రం దాటొచ్చి, ఈ ఎండలో, ఇక్కడి మనిషి ఏ మాట ఎలా అంటాడో వింటూ కూర్చున్నారు. నువ్వు ఇక్కడే పుట్టి పెరిగి మూడు కథల్లో ఒక్క "ఏటి సేత్తాం" కూడా రాయలేదు.

మొదటిదీ మూడోదీ ప్రస్తుతానికి పక్కన పెట్టు. రెండోది, మందుల షాపు కథ, మళ్లీ రాయి. ఈసారి ఆ మంచి అమ్మాయి చెప్పకూడదు. పక్క కౌంటర్లో కూర్చునే అబ్బాయి చెప్పాలి. అతను చర్చి మొహం చూసినవాడు కాదు, పైగా ఆ అమ్మాయంటే కొంచెం చిరాకు కూడా ఉండాలి. అతనికి కనపడనిది కథలోకి రాకూడదు. చివర్లో ఎవరినీ మోకాళ్ల మీద పడెయ్యకు, షట్టరు దించి ఎవరి దారిన వాళ్లని ఇంటికి పంపు. రాశాక నాకన్నా ముందు మీ షాపులో ఎవరికైనా చదివి వినిపించు. ఎక్కడ నవ్వారో అక్కడ గుర్తు పెట్టుకో.

నీ కథల్లో గేదెలు లేవన్నాను. తప్పు, ఒకటుంది. రెండో కథ నాలుగో పేజీలో ముసలాయన దగ్గర డబ్బు చాలక పది మాత్రల స్ట్రిప్పులో నాలుగే ఇమ్మంటాడు. ఆ అమ్మాయి కత్తెర తీసుకుని, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క ఆయన చేతికి వెళ్లేలా స్ట్రిప్పు తిప్పి మరీ కోస్తుంది. తేదీ లేని మిగతా ఆరు మాత్రలు ఇక ఎవరికి అమ్మాలి? ఓనరు తిట్టడా? అది నువ్వు రాయలేదు. ఆ వాక్యం కింద మాత్రం రెండు గీతలు పెట్టాను. అలా కోసింది నువ్వేనా, ఇంకెవరైనా కోస్తుంటే చూశావా? వచ్చే ఆదివారం గేటు దగ్గర చెప్పు.

ప్రభువునందు,
నీ కోర్టు తాతయ్య