పేరు లేని ముక్క: పాత పెయింట్‌బాల్ మార్కర్ల (రంగు బంతులు కాల్చే తుపాకుల) పార్టుల మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: మా అన్నయ్య ఒకప్పుడు పెయింట్‌బాల్ తెగ ఆడేవాడు. మానేశాక ఆయన సామాన్ల పెట్టె నా దగ్గరికి చేరింది. అందులో అరచేతిలో పట్టేంత అల్యూమినియం ముక్క ఒకటి ఉంది. ఒక చివర ఊదా రంగు, రెండో చివరకి వచ్చేసరికి నలుపు, మూడు రంధ్రాలు, రెండు పక్కలా ఏటవాలుగా చెక్కిన గాడులు. పేరు లేదు, నంబరు లేదు. మొన్న ఒకాయన చూసి, ఎంతో చెప్పండి ఇప్పుడే తీసుకుంటా అన్నాడు. అప్పట్నుంచి టెన్షన్‌గా ఉంది. ఇది ఏమిటి, ఎంతకి ఇవ్వొచ్చు?

జవాబు: తొందరపడి ఇచ్చేయకండి. మూడు రంధ్రాలని రాశారు కదా, సగం జవాబు అక్కడే దొరికింది. పైన బోల్ట్‌కి (బంతిని ముందుకి తోసే కడ్డీ) ఒకటి, కింద కాకింగ్ రాడ్‌కి ఒకటి, మధ్యభాగంలో సన్నటి పంప్ రాడ్‌కి ఒకటి ఉంటే అది ఆటోకాకర్ అనే మార్కర్‌కి వెనక ఉండే బ్యాక్ బ్లాక్ అయ్యే అవకాశం చాలా ఎక్కువ. వర్ గేమ్ ప్రొడక్ట్స్ వాళ్ల ఆటోకాకర్‌లో కాల్చిన ప్రతిసారీ ఈ ముక్క వెనక్కి వెళ్లి, బోల్ట్‌ని లాక్కెళ్లి, మళ్లీ ముందుకి వస్తుంది. ఇలా ఆడే ముక్క ఎంత తేలికైతే చేతిలో మార్కర్ అంత తక్కువ కుదుపుతుందని దాన్ని చెక్కించి బరువు తగ్గించుకునేవాళ్లు. అందం కోసం చెక్కించినవాళ్లూ బోలెడుమంది.

ఇక ఎవరు చేశారన్నది. దీపం పక్కన కూర్చుని, భూతద్దం పెట్టి, ఆ గాడులు మొదలయ్యే చోటు, ముగిసే చోటు చూడండి. ఎడమ గాడి, కుడి గాడి వెంట్రుకవాసి కూడా తేడా లేకుండా ఒకేచోట ఆగాయంటే కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ మెషిన్ మీద చేసి ఉండొచ్చు. ఒకటి కాస్త ముందు ఆగి, ఒకటి కాస్త పొడవు సాగిందంటే చక్రం తిప్పుతూ చేత్తో నడిపిన మిల్లింగ్ మెషిన్ పని అనుకోవచ్చు. లోపలి మూలలు కూడా చూడండి. గుండ్రంగా తిరిగే కట్టర్ లోపలి మూలని పదునుగా కోయలేదు, దాని సైజు వంపు ఎక్కడో ఒకచోట మిగులుతుంది. అన్ని మూలల్లోనూ ఒకటే వంపు ఉందంటే ఒకే కట్టర్‌తో పని కానిచ్చారని అర్థం. రంధ్రాల లోపల రంగు కనబడుతోందా, తెల్లటి లోహమా? చెక్కిన గాడిలో రంగు లేకుండా చుట్టూ మాత్రమే ఉంటే, కంపెనీ పార్టుని ఎవరో తర్వాత కొనుక్కొచ్చి చెక్కారు. అలాంటివాటికి విలువ తక్కువే.

బెల్‌సేల్స్, షాక్‌టెక్, ప్లానెట్ ఎక్లిప్స్ లాంటివాళ్లు ఆటోకాకర్లకి ఇలాంటి పని బాగా చేశారు, అందుకని రంగు కలిసిందని చాలామంది ఆ పేర్లలో ఏదో ఒకటి అంటించేస్తారు. నాకు అది అస్సలు నచ్చదు. పేరు కన్నా గీత నమ్మదగింది. చెక్కించిన సెట్‌లో బాడీ మీద మొదలైన గీత బ్యాక్ బ్లాక్ మీదకి తెగకుండా సాగడం నేను చాలాసార్లు చూశాను. రెండూ పక్కపక్కన పెట్టి గోరుతో రాస్తే అతుకు దగ్గర మెట్టు తగలదు. ఇది దొరికిందంటే వేరే సాక్ష్యం అక్కర్లేదు.

అందుకే మీ దగ్గరికి వచ్చినాయన గురించి నాకు ఒక అనుమానం. ఏ పేరూ లేని ముక్కని చూసీచూడగానే కొంటానన్నాడంటే దీనికి జోడీ బాడీ ఆయన దగ్గర ఉండొచ్చు. నేరుగా అడిగేయండి, బాడీ ఫొటో చూపించమనండి. గీత కలిస్తే మీ ముక్క ఏమిటో తేలుతుంది, పైగా దాని ధర కూడా మారిపోతుంది, ఎందుకంటే విడి బ్యాక్ బ్లాక్ ఎవరికైనా ఒక పార్టు, సెట్ పూర్తిచేసే బ్యాక్ బ్లాక్ ఆ ఒక్కడికి మాత్రం మరెక్కడా దొరకనిది.

ధరకి పట్టిక లేదు. అమ్మకానికి పెట్టినవాళ్లు అడిగిన ధర చూసి మురిసిపోకండి, ఆ రేటు పెట్టిన వస్తువు నెలల తరబడి అక్కడే పడి ఉంటుంది. నిజంగా చేతులు మారిన ధర ఎంతో అది చూడండి, అది కూడా ఒక్కటి కాదు, నాలుగైదు. దాని మీద మీ ముక్క మరలు చెడిపోయాయా, ఎవరైనా అదనంగా రంధ్రం వేశారా, రంగు మొదటిదేనా అన్నదాన్ని బట్టి తగ్గించుకోవడం, పెంచుకోవడం. అన్నయ్య దగ్గర పాత ఫొటోగానీ బిల్లుగానీ ఉంటే ముందు అది వెతికించండి.

ప్రశ్న: నా దగ్గరున్న ఆటోకాకర్ ఫ్రంట్ బ్లాక్ (ముందు వైపు బిగించే ముక్క) రంగు అక్కడక్కడా పోయి చూడటానికి బాగోలేదు. మళ్లీ అనోడైజింగ్ (అల్యూమినియం మీద వేసే రంగు పూత) చేయించి అమ్మితే ఎక్కువ వస్తుందా?

జవాబు: రాదండి, పైగా పోతుంది. పాత పూత ఊడదీయడానికి సాధారణంగా కాస్టిక్ సోడాలో ముంచుతారు, అది పూతతో పాటు కింది అల్యూమినియాన్ని కూడా కొంచెం తినేస్తుంది. పదునైన అంచులు మొద్దుబారతాయి, మరలు వదులవుతాయి. నేను ఒకసారి పాత ఫ్రంట్ బ్లాక్ ఒకటి ఒక షాపులో ఇచ్చాను. ఎక్కువసేపు ముంచి ఉంచినట్టున్నారు, తిరిగొచ్చాక త్రీ-వే (గ్యాస్‌ని అటూఇటూ మళ్లించే వాల్వ్) బిగిస్తుంటే మర పట్టకుండా గిర్రున తిరిగింది. అంతకన్నా బాధేమిటంటే, ఆ వెలిసిన రంగే అది ఏ బాడీతో పుట్టిందో చెప్పే ఒకే ఒక ఆధారం, అది నా చేతులారా పోయింది. గోరువెచ్చటి నీళ్లు, సబ్బు, మెత్తటి బ్రష్, అంతవరకే. పాలిష్ జోలికి కూడా పోకండి.

ప్రశ్న: ఒక బ్యారెల్ (బంతి బయటికొచ్చే గొట్టం) ఆటోకాకర్‌కి చక్కగా బిగిసింది. ఆటోకాకర్ బ్యారెల్ అనే చెప్పి అమ్మొచ్చా?

జవాబు: ఆటోకాకర్ థ్రెడ్ బ్యారెల్ అని చెప్పండి. ఆ 15/16 అంగుళాలు, అంగుళానికి 20 మరల థ్రెడ్‌ని తర్వాత చాలా కంపెనీలు వాడాయి, కాబట్టి బిగిసినంత మాత్రాన దానికోసమే చేసినట్టు కాదు. ట్రిగ్గర్ ఫ్రేమ్‌లకి కూడా ఇదే తంటా. 1911 పిస్టల్ ఆకారం గ్రిప్ ప్లేట్లు రకరకాల మార్కర్లకి పడతాయి, ఫ్రేమ్ దేనిదో తెలియాలంటే పైన బాడీకి బిగించే రంధ్రాలు ఎక్కడున్నాయో కొలవాలి. ఆటోమాగ్ అనే మరో మార్కర్ పాత బ్యారెల్ మాత్రం సులభం. దానికి మరలుండవు, తోసి తిప్పి బిగించే ట్విస్ట్ లాక్ ఉంటుంది.

ప్రశ్న: బాగా లోతుగా చెక్కిన ఆటోకాకర్ బాడీ కొన్నాను. వాడొచ్చా, షెల్ఫ్‌లో పెట్టుకోవాలా?

జవాబు: ఎక్కడ చెక్కారన్నది ముఖ్యం. బాడీలో ఒకదాని కింద ఒకటి రెండు గొట్టాలుంటాయి. పై గొట్టంలో కదిలేది బోల్ట్, బంతి, అక్కడ గాడి పడితే అంత భయం లేదు. కింది గొట్టంలో వాల్వ్ నుంచి ముందు భాగం వేరు, అక్కడ కొన్ని వందల పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడితో గ్యాస్ నిలిచి ఉంటుంది. ఆ చోట గాడి ఉంటే లోపలి నుంచి గోడ మందం కొలిపించండి, వాల్వ్ బిగించే స్క్రూ చుట్టూ సన్నటి పగులు ఉందేమో వెలుతురులో అటూఇటూ తిప్పి చూడండి. అలాంటి బాడీని ఎంత అందంగా ఉన్నా నేను ప్రదర్శన వస్తువుగానే లెక్కగడతాను, అమ్మేటప్పుడు కొనేవాడికి ఆ సంగతి ముందే చెప్తాను. పాత మార్కర్లు బాగుచేసే మనిషి చేతికిచ్చి చూపించేదాకా దానికి గ్యాస్ ఎక్కించకండి.